చిత్రగుప్తుడి పుస్తకం: ఒంటిపద్దా, జంటపద్దా?

పాతబస్తీలో ఒక డిగ్రీ కాలేజీలో నేను అకౌంట్స్ చెబుతాను. బి.కాం. మొదటి సెమిస్టర్‌కు వచ్చే పిల్లల్లో సగం మంది ఛత్రినాక, ఉప్పుగూడ, గౌలిపురా వైపు తెలుగు ఇళ్లవాళ్లు. మిగతా సగం మొగల్‌పురా, శాలిబండ, సుల్తాన్‌షాహీ వైపు ఉర్దూ ఇళ్లవాళ్లు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, పాఠం మాత్రం మూడు భాషల్లో నడుస్తుంది. డెబిట్, క్రెడిట్ అనే మాటలు అందరికీ ఒక్కలాగే కొత్త కాబట్టి అక్కడ ఎవరికీ ఎవరి మీదా పైచేయి ఉండదు.

జంటపద్దు విధానం మొదలుపెట్టిన రోజు ఉప్పుగూడ కుర్రాడొకడు లేచి, "మేడమ్, మా ఇంటి దగ్గర చిత్రగుప్తుడి గుడి ఉంది. ఆయనది సింగిల్ ఎంట్రీనా, డబుల్ ఎంట్రీనా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. పాపపుణ్యాలకు లెక్క ఉందని నమ్మే ప్రతి మతమూ దానికి జవాబు చెప్పుకోవాలి. పైన మన లెక్క రాస్తున్నారు సరే, ఏ పద్ధతిలో రాస్తున్నారు?

తేడా ఏమిటో ముందు చెప్పాలి. గల్లీ చివరి కిరాణా కొట్టులో ఉద్దెర పుస్తకం ఒంటిపద్దుకు మంచి నమూనా. ఎవరు ఎంత ఇవ్వాలో అందులో ఉంటుంది. గల్లాపెట్టెలో ఎంత ఉందో కొట్టువాడికి తెలుస్తుంది. సరుకు ఎంత పాడైంది, అద్దె ఎంత కట్టాడు, ఇంట్లోకి ఎంత వాడుకున్నాడు అన్నవాటికి ఖాతాలుండవు. ఏడాది లాభం తేల్చాలంటే అతనికి ఒక్కటే దారి. మొదట్లో తన దగ్గర ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది అని చూసుకోవాలి. పెరిగితే లాభం, తరిగితే నష్టం. ఎందుకు పెరిగింది, ఎవరి దగ్గర్నుంచి పెరిగింది అంటే పుస్తకం నోరు మెదపదు. అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) వేసి తప్పు పట్టుకునే వీలూ లేదు.

జంటపద్దులో ఆ తప్పించుకోవడం కుదరదు. ప్రతి లావాదేవీకీ రెండు కొసలుంటాయి, రెండూ రాయాలి. నా దగ్గరికి వంద రూపాయలు వచ్చాయంటే ఎక్కడి నుంచో వచ్చాయి. ఆ చోటుకూ ఒక ఖాతా తెరవాలి. అక్కడితో ఆగదు. నేను బాకీ పడితే నా పుస్తకంలో అప్పుల వైపు ఎంత చేరుతుందో, నాకు అప్పిచ్చినవాడి పుస్తకంలో ఆస్తుల వైపు అంతే చేరుతుంది. నా పుస్తకంలో ఆ పేజీ చింపేసుకుంటే అతని పుస్తకంలో పేజీ చిరగదు.

ఆ కుర్రాడు చెప్పిన గుడి కందికల్ గేట్ దగ్గర ఉంది. చిత్రగుప్తుడికి విడిగా గుళ్లు దేశంలోనే తక్కువ. కంచిలో ఒకటుంది, ఇక్కడొకటుంది. ఇక్కడ ఉండడంలో ఆశ్చర్యం లేదు. నిజాం ఉల్ ముల్క్ వెంట ఉత్తరాది నుంచి వచ్చిన కాయస్థులు అసఫ్‌జాహీల కొలువులో కలం పట్టి బతికారు. రాజ్యం రెవెన్యూ రికార్డుల్లో దఫ్తరె మాల్ తరతరాలుగా మాల్వాలా కాయస్థ కుటుంబం చేతిలో ఉండేది. దఫ్తరె దివానీ రాయ్‌రాయాన్ అనే మరాఠీ బ్రాహ్మణ కుటుంబం చేతిలో ఉండేది. కాయస్థులు తమ మూలపురుషుడు చిత్రగుప్తుడే అని చెప్పుకుంటారు. దీపావళి వెళ్లాక వచ్చే యమద్వితీయ నాడు కలానికీ సిరాబుడ్డికీ పూజ చేస్తారు. అంటే పైలోకంలో లెక్కలు రాసేవాడిని ఊహించుకున్నది కింద లెక్కలు రాసి బతికినవాళ్లే. కాబట్టి ఆయన పద్ధతి ఏమిటని ఒక అకౌంట్స్ టీచరు అడగడం అపచారం కాదు.

మనలో చాలామంది పుణ్యాన్ని ఒంటిపద్దులోనే రాసుకుంటాం. మా చిన్నమ్మకు ఒక నోటుబుక్కు ఉంది. లలితా సహస్రనామం ఎన్నిసార్లు చదివింది, కుంకుమార్చన ఎన్నివేలు దాటింది, ఏ సోమవారాలు ఉపవాసమున్నది, అన్నీ తేదీలతో ఉంటాయి. ఆ నిష్ఠ నాకు లేదు. ఆవిడంటే నాకు గౌరవం. కానీ ఆ నోటుబుక్కులో ఖాతా ఒక్కటే, ఆవిడది. జ్వరం వచ్చి రాలేకపోయిన రోజులకు పనిమనిషి జీతంలోంచి కోసిన డబ్బు అందులో ఎక్కడా లేదు. దాచిపెట్టాలని కాదు, ఆ పుస్తకంలో పనిమనిషి పేరుతో ఖాతా లేదు గనుక. మొదట ఎంత, ఇప్పుడెంత, తేడా ఎంత అన్న కొట్టువాడి లెక్కే అది. తేడా పెరుగుతూనే ఉంటుంది, ఆవిడ నిశ్చింతగానే ఉంటుంది.

లెక్క రాయడం మొదటి నుంచీ భక్తితో కలిసి నడిచిన పనే. పత్తర్‌గట్టిలో ముస్లిం దుకాణదారు కొత్త ఖాతా పుస్తకం తీస్తే మొదటి పేజీ పైన 786 రాస్తాడు. మార్వాడీ సేఠ్ దీపావళి నాడు శుభ్ లాభ్ అని రాసి పుస్తకానికి పసుపు కుంకుమలు పెడతాడు. మనవాళ్లు శ్రీకారం చుడతారు. జంటపద్దు విధానాన్ని మొట్టమొదట అచ్చులో వివరించిన లూకా పచ్చోలీ ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో ఒక భాగంగా ఆయన దాన్ని రాశాడు. వర్తకుడు ప్రతి పనీ దేవుడి పేరుతో మొదలుపెట్టాలనీ, మొదటి పుస్తకాలకు శిలువ గుర్తు వేయాలనీ అందులో చెప్పాడు. మా సిలబస్‌లో పచ్చోలీ పేరు ఒక మార్కు ప్రశ్నగా వస్తుంది, శిలువ గుర్తు సంగతి రాదు. ఇన్ని మతాలవాళ్లు పుస్తకం నెత్తిన దేవుడి గుర్తు పెట్టింది లాభం రావాలనే కాదు. కింద రాసేది అబద్ధం కాకూడదన్న భయం కూడా అందులో ఉంది.

ఆ భయం ఎంత వివరంగా ఉండగలదో నాకు తెలిపింది నా విద్యార్థినులే. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం ప్రార్థన గురించీ కాదు, స్వర్గం గురించీ కాదు, అప్పు పత్రం రాసుకోవడం గురించి. రెండో సూరాలో 282వ ఆయత్. గడువు పెట్టి అప్పు తీసుకుంటే రాసుకోండి, రాయడం వచ్చినవాడు రాయనని అనకూడదు, సాక్షులను పెట్టుకోండి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకండి, రాసినవాడికీ సాక్షికీ ఏ హానీ చేయకండి అని అందులో ఉంది. నన్ను నిలబెట్టిన సంగతి ఇంకొకటుంది. పత్రంలో ఏం రాయాలో చెప్పాల్సినవాడు అప్పు తీసుకున్నవాడు. ఇచ్చినవాడు చెబితే ఎక్కువ చెప్పవచ్చు. ఎంత ఇవ్వాలో ఇవ్వాల్సినవాడి నోటి నుంచే రావాలి. ఈ రోజుకీ బాకీకి గట్టి రుజువు బాకీదారు ఒప్పుకోలే.

మొగల్‌పురా నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. దివాలా ఖాతాల ప్రస్తావన వచ్చినప్పుడు, "మేడమ్, మా దగ్గర అసలు దివాలాదారు వేరే" అంటూ ప్రవక్త మాటగా సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు చెప్పింది. నా సమాజంలో దివాలా తీసినవాడెవరో తెలుసా అని ప్రవక్త అడిగాడట. చేతిలో డబ్బూ వస్తువులూ లేనివాడని సహచరులు అన్నారు. కాదు, తీర్పు రోజున నమాజులూ రోజాలూ జకాతూ మూటగట్టుకుని వచ్చేవాడే అని ఆయన జవాబు. వాడు ఒకరిని తిట్టాడు, ఒకరి మీద నింద వేశాడు, ఒకరి సొమ్ము తిన్నాడు, ఒకరిని కొట్టాడు. వాడి పుణ్యాలు తీసి వాళ్లందరికీ పంచుతారు. బాకీ తీరకముందే పుణ్యాలు అయిపోతే వాళ్ల పాపాలు తీసి వాడి మీద వేస్తారు. చివరికి నరకానికి పోతాడు.

ఆ రోజు నేను బోర్డు మీద వేరే లెక్క వేయలేదు. ఆ హదీసునే పద్దులుగా రాసి చూపించాను. నమాజు కూడా ఆస్తే. కానీ తిట్టు తిన్నవాడి పేరుతో ఒక ఖాతా ఉంది, సొమ్ము పోగొట్టుకున్నవాడి పేరుతో ఒక ఖాతా ఉంది, వాళ్లకు చెల్లింపు జరగాలి. యుద్ధంలో ప్రాణమిచ్చినవాడికి అన్నీ మాఫీ అవుతాయి, అప్పు తప్ప అని ఇంకో హదీసు ఉంది. దేవుడికి బాకీ పడింది దేవుడు వదులుకోవచ్చు. పొరుగువాడికి బాకీ పడింది పొరుగువాడే వదులుకోవాలి. ఉప్పుగూడ కుర్రాడి ప్రశ్నకు మొగల్‌పురా అమ్మాయి ఇచ్చిన జవాబు ఇది: జంటపద్దు.

మరి మన పుస్తకాలు ఏమంటున్నాయి? పుణ్యంలోంచి పాపం తీసేసి మిగిలింది చూస్తారని సినిమాల్లో యముడి సభ చూసి అనుకుంటాం. భారతం అలా చెప్పదు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజుకు నరకం కనిపిస్తుంది. అంత ధర్మాత్ముడికి అదేమిటంటే ఇంద్రుడు కారణం చెబుతాడు. అశ్వత్థామ చనిపోయాడని ద్రోణుణ్ని మోసపుచ్చిన మాటకు అది ఫలం. పాపం ఎక్కువ ఉన్నవాడు ముందు స్వర్గం చూసి తరువాత నరకానికి పోతాడు, పుణ్యం ఎక్కువ ఉన్నవాడు ముందు నరకం చూసి తరువాత స్వర్గానికి పోతాడు. ఒకదాన్ని ఇంకొకదానితో కొట్టేయడం లేదు, రెండూ విడివిడిగా నిలుస్తాయి. బ్యాలెన్స్ షీటులో కూడా నీకు రావాల్సిందీ నువ్వు ఇవ్వాల్సిందీ తీసివేసి ఒక్క అంకె చూపిస్తే ఒప్పుకోరు, రెండు వైపులా పూర్తి మొత్తాలు కనిపించాలి. ధర్మరాజు చేసిన రాజసూయం ద్రోణుడికి అందలేదు. ద్రోణుడి ఖాతా ద్రోణుడిదే.

భారతంలోనే మాండవ్యుడి కథ ఉంది. మౌనంగా తపస్సు చేసుకుంటున్న ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచారు. రాజభటులు దొంగలతో పాటు ఆయన్నీ పట్టుకుని కొర్రు వేశారు. తరువాత మాండవ్యుడు నేరుగా ధర్ముడి దగ్గరికి వెళ్లి, ఏ పద్దు కింద నాకీ శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు పురుగులను గడ్డిపోచతో గుచ్చావు, దానికి ఇది అన్నాడు ధర్ముడు. ఇంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని ముని కోపించి ధర్ముణ్ని విదురుడిగా పుట్టమని శపించాడు, పద్నాలుగేళ్లలోపు చేసింది పాపం కాదని కొత్త నియమం పెట్టాడు. ఈ కథలో రెండు విషయాలు నాకు ముఖ్యం. ఒకటి, పురుగుకు కూడా ఖాతా ఉంది. రెండు, యముడి పుస్తకం కూడా తనిఖీకి లోబడిందే. పద్దు చూపించమని అడిగే హక్కు మనిషికి ఉంది, మొత్తం తప్పు పడితే దిద్దే బాధ్యత లెక్క రాసినవాడికి ఉంది.

ఇక హైదరాబాదు మనిషి దగ్గర రామదాసును తప్పించుకుని ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. మా కాలేజీ నుంచి శాలిబండ వైపు నడిస్తే హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరుతో పిలిచే మహంకాళి గుడి వస్తుంది. గోలకొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న ప్రధానమంత్రి. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న ఆ అన్నదమ్ములకు మేనల్లుడని సంప్రదాయం చెబుతుంది. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వెళ్లిన గోపన్న వసూలు చేసిన శిస్తుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. ఖజానాకు చేరాల్సిన ఆరు లక్షలు చేరలేదు. తానీషా గోలకొండ కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్లు అందులో ఉన్నాడంటారు. ఆ బందీఖానాను ఇప్పటికీ చూపిస్తారు.

భక్తుడి వైపు నుంచి ఈ కథ అందరికీ తెలుసు. నేను అకౌంట్స్ వైపు నుంచి చూస్తాను. మొదటి పాఠంలోనే యజమాని వేరు, వ్యాపారం వేరు అని చెబుతాం. తహసీల్దారు వేరు, గోపన్న వేరు. తహసీల్దారు చేతికి వచ్చిన డబ్బు రైతులు కట్టిన శిస్తు, అది సుల్తానుకు బాకీ. దాన్ని గోపన్న తన పుణ్యం ఖాతాలో జమ కట్టుకున్నాడు. ఆయన జైల్లో పాడిన 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తన వింటే ఖర్చుల జాబితా చదివినట్టే ఉంటుంది. ప్రాకారానికి పదివేల వరహాలు, భరతుడి పచ్చల పతకానికి పదివేలు, సీతమ్మ చింతాకు పతకానికి పదివేలు అంటూ పద్దు తరువాత పద్దు. బాధ పట్టలేక రాముణ్నే నిలదీస్తాడు, ఇంత ఊరేగుతున్నావే, ఈ సొమ్మెవరిదనుకున్నావని. ఆ ప్రశ్న పాడినవాడికీ తగులుతుంది. సొమ్ము ఎవరిది? ఆ కీర్తనలో ఖర్చు వైపు పూర్తిగా ఉంది, వచ్చిన వైపు లేదు. పాల్వంచ రైతు పేరు లేదు.

కథ ముగిసే తీరు అందుకే నాకు అద్భుతంగా తోస్తుంది. రాముడు ఏం చేయగలడు? తానీషా మనసు మార్చవచ్చు, జైలు తలుపులు తెరిపించవచ్చు, ఖజానా పుస్తకంలో ఆ పద్దే మాయం చేయవచ్చు. సర్వశక్తిమంతుడు. కథ కట్టిన జనం వీటిలో ఏదీ చేయించలేదు. రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీ పేర్లతో రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్లి ఆరు లక్షలూ లెక్కపెట్టి ఇచ్చారు, రసీదు తీసుకున్నారు. భక్తుడి బాకీని దేవుడు కొట్టేయలేదు, కట్టాడు. దేవుడు రసీదు అడిగి తీసుకున్నాడంటే ఆ బాకీ నిజమైందనీ, అప్పిచ్చినవాడు అన్య మతస్థుడైనా అతని పుస్తకం నిజమైందనీ ఒప్పుకున్నట్టే.

తెలుగువాళ్ల ఇంకో పెద్ద దేవుడిదీ ఇదే దారి. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, పత్రం రాసిచ్చి, కలియుగమంతా వడ్డీ కడుతున్నాడని వేంకటేశ్వరుడి కథ. మన జనం తమ దేవుళ్లకు బాకీ ఎగవేసే శక్తి ఇవ్వలేదు. ఇది పేదరికంలోంచి వచ్చిన ఊహ కాదు, న్యాయం మీద పట్టుదలలోంచి వచ్చిన ఊహ.

ఇంతవరకూ వచ్చాక తెలివైన విద్యార్థి ఒక అభ్యంతరం చెప్పాలి. నా మనసు ప్రశాంతంగా ఉంది, ఎవరికీ అన్యాయం చేసినట్టు నాకు తోచడం లేదు, అది చాలదా? దీనికి జవాబు అంకణా పాఠంలో ఉంది. డెబిట్ల మొత్తం క్రెడిట్ల మొత్తంతో సరిపోయినంత మాత్రాన లెక్కలు సరైనవని కాదు. ఒక లావాదేవీని పూర్తిగా రాయకుండా వదిలేస్తే అంకణా సరిపోతుంది. ఒక తప్పును ఇంకో తప్పు సరిపెడితే అంకణా సరిపోతుంది. ఖర్చును ఆస్తిగా రాసుకుంటే కూడా సరిపోతుంది. మనశ్శాంతి అంకణా లాంటిది. చిన్నమ్మ నోటుబుక్కులో ఆవిడకు ఏ కలతా లేదు, ఎందుకంటే రాయని పద్దు కలత పెట్టదు.

ఆ లోపం బయటపడే చోటు బ్యాంకు సమన్వయ పట్టీ పాఠం. నా నగదు పుస్తకం ఒక నిల్వ చూపిస్తుంది, బ్యాంకు పాస్‌బుక్ ఇంకో నిల్వ చూపిస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నేను వేసిన చెక్కు ఇంకా వసూలు కాలేదు, బ్యాంకు కోసిన చార్జీ నాకు తెలియదు. నా పుస్తకాన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఆ తేడా దొరకదు, రెండో పుస్తకం తెప్పించుకోవాలి. మనిషికీ మనిషికీ మధ్య కూడా అంతే. నేను తిట్టింది నా పుస్తకంలో చిన్న మాట, ఆమె పుస్తకంలో పెద్ద అంకె అయి ఉండవచ్చు. ఒంటరిగా కూర్చుని చేసుకునే ఆత్మవిమర్శ మంచిదే కానీ అది ఒక్క పుస్తకాన్నే చూస్తుంది.

ఎదుటివాళ్ల పుస్తకం చూడడానికి మా బస్తీలో ఆచారాలున్నాయి. హజ్‌కు వెళ్లేవాళ్లు బయల్దేరేముందు ఇంటింటికీ వచ్చి, కహా సునా మాఫ్ కరో అని అడుగుతారు. అప్పులుంటే తీర్చి వెళ్తారు. గుల్జార్‌హౌజ్ దగ్గరి జైన వర్తకులు పర్యూషణం చివర సంవత్సరీ నాడు మిచ్ఛామి దుక్కడం అని ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. ఇవి దేవుణ్ని అడిగే క్షమాపణలు కావు, ఎదుటి మనిషిని అడిగేవి. రాని బాకీని కొట్టేసే అధికారం అప్పిచ్చినవాడికే ఉంటుందన్న అకౌంట్స్ సూత్రం ఈ ఆచారాలకు ముందే తెలుసు.

మాఫీలన్నీ ఒకటి కావు కూడా. కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ పేరుతో 1853లో నిజాం బేరార్ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. 1857లో నిజాం ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచాక, 1860 ఒప్పందంలో 50 లక్షల బాకీ రద్దు చేశారు, రాయచూరు దోఆబ్ తిరిగి ఇచ్చారు. బేరార్ మాత్రం ఉంచుకున్నారు. అలాంటి మాఫీలో ఇచ్చినవాడు పోగొట్టుకున్నదేమీ లేదు. లాభాన్ని ఇంకో ఖాతాలోకి మార్చుకున్నాడంతే.

ఇంకో రకం మాఫీ నేను మా ఇంట్లో చూశాను. మా బాపు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో గుమస్తా. యజమాని మంచి మనిషే. రంజాన్‌లో గల్లీ అంతటికీ ఇఫ్తార్ పెట్టేవాడు, బోనాలకు చందా ఇచ్చేవాడు. గిరాకీ పడిపోయిన ఏళ్లలో గుమస్తాల బోనస్ వచ్చే ఏడు ఇస్తానని ఆపాడు. ఆ వచ్చే ఏడు రాలేదు. బాపు ఇంట్లో ఉన్న తన ఎర్ర అట్ట పుస్తకంలో అది రాసుకున్నాడు, యజమాని పేరుతో, ఏ ఏడుకు ఎంత అని. యజమాని పోయాడు. జనాజా నమాజుకు ముందు ఆయన పెద్దకొడుకు అందరి ముందూ నిలబడి, మా నాన్న ఎవరికైనా బాకీ ఉంటే నన్నడగండి, నేను తీరుస్తాను అన్నాడు. బాపు అక్కడే బయట నిలబడి ఉన్నాడు, అడగలేదు. అమ్మ కోప్పడింది, పిల్లల ఫీజులకు అప్పు చేసిన రోజులు గుర్తుచేసింది. బాపు పుస్తకం తీసి ఆ పేజీలో అడ్డంగా ఒక గీత గీసి, కింద తేదీ వేసి, "రాసి పెట్టిన, కొట్టేసిన. మర్చిపోలే" అన్నాడు.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. బాపు చేసింది అమాయకత్వమనిపించింది. ఇప్పుడు దాన్ని క్షమకు నిర్వచనంలా చూస్తాను. ఖురాన్‌లో అప్పు పత్రం ఆయత్‌కు కొంచెం ముందే ఇంకో మాట ఉంది: అప్పు తీసుకున్నవాడు కష్టంలో ఉంటే వెసులుబాటు వచ్చేదాకా గడువివ్వండి, వదిలేస్తే మీకు ఇంకా మంచిది. వదిలేయమన్న చోటే, రెండు అడుగుల తరువాత, చిన్నదైనా రాయమన్నారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండూ ఒకే పనికి రెండు భాగాలు. పుస్తకంలో లేని బాకీని ఎవరూ మాఫీ చేయలేరు. అన్యాయాన్ని అంకెతో సహా గుర్తించాకే దాన్ని వదిలేయడానికి అర్థం ఉంటుంది. గుర్తించకుండా వదిలేయడం మరుపు. బలహీనుడు భయంతో వదిలేయడం నష్టం. బాపు చేసింది ఆ రెండూ కాదు.

ప్రేమలో లెక్కలేమిటి, తల్లి బిడ్డకు పద్దు రాస్తుందా అనేవాళ్లున్నారు. తల్లి రాయదు, నిజమే. కానీ బిడ్డ రాసుకోవాలి. మొదటి సెమిస్టర్ పిల్లలందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. మూలధనం యజమాని సొంత డబ్బు కదా, అప్పుల వైపు ఎందుకు చూపిస్తారని. వ్యాపారానికి అది ఇంకొకరి నుంచి వచ్చింది గనుక. బ్రాహ్మణుడు పుట్టుకతోనే దేవతలకూ ఋషులకూ పితరులకూ బాకీ అని తైత్తిరీయ సంహిత అంటుంది. శతపథ బ్రాహ్మణం ఆ మాటను పుట్టిన ప్రతివాడికీ చెప్పి, తోటి మనుషులను కూడా ఆ జాబితాలో చేర్చింది. ప్రారంభపు నిల్వ సున్నాతో ఎవడి పుస్తకమూ మొదలుకాదు. ఇచ్చినవాళ్లు రాయకపోవడం వాళ్ల ప్రేమ, పుచ్చుకున్నవాడు రాయకపోవడం కృతఘ్నత.

దైవకృప సంగతేమిటి మరి? అజామిళుడు చనిపోతూ దేవుడి పేరే పెట్టుకున్న కొడుకును పిలిచిన ఒక్క పిలుపుతో యమదూతలు వెనక్కి తగ్గారు. భాగవతం ఆరో స్కంధంలో ఆ కథ అక్కడితో ఆగదు. అజామిళుడు వెంటనే వైకుంఠానికి పోలేదు. బతికాడు, తాను చేసినవన్నీ తలుచుకుని కుమిలిపోయాడు, గంగాద్వారానికి వెళ్లి తపస్సు చేశాడు, తరువాతే వెళ్లాడు. కృప అతనికి ఇచ్చింది గడువు. గడువు చిన్నదేమీ కాదు, బాకీదారుకు అంతకన్నా పెద్ద సాయం లేదు. అయినా గడువు వేరు, చెల్లింపు వేరు. అజామిళుడు దోచుకున్నవాళ్లకు ఏమందిందో కథ చెప్పదు. నాకు ఆ కథలో అదొక్కటే వెలితి.

నాకు తెలిసినంతలో చిత్రగుప్తుడిది జంటపద్దే అయి ఉండాలి. కాకపోతే ఆయన్ని న్యాయం పక్కన కూర్చోబెట్టడానికి వీల్లేదు. ఒంటిపద్దు దేవుడు మన పూజలు లెక్కపెట్టుకునేవాడు మాత్రమే అవుతాడు. జంటపద్దు దేవుడు మన పుస్తకాన్ని మన పొరుగువాడి పుస్తకం పక్కన పెట్టి చదువుతాడు. అలాంటివాడి ముందు హుండీలో వేసిన నోటు పనిమనిషి జీతానికి చెల్లదు, హలీం పంచిన పుణ్యం గుమస్తా బోనస్‌కు చెల్లదు, రిజిస్టరులో రాసిన కోటి నామాలు కోడలిని అన్న ఒక్క మాటకు చెల్లవు. ఆ ఖాతాలు వేరు, వాటి యజమానులు వేరు. వాళ్ల దగ్గరికి మనమే వెళ్లాలి, ఎంత ఇవ్వాలో మన నోటితోనే చెప్పాలి, వదిలేయడమా వసూలు చేయడమా అన్నది వాళ్లకే వదిలేయాలి. దానికి కాశీ పోనక్కర్లేదు. పాతబస్తీ ఇరుకు గల్లీల్లో మనం బాకీ ఉన్న మనుషుల్లో చాలామంది నడిచి వెళ్లే దూరంలోనే ఉంటారు.